కింది పట్టీలో చెయ్యి

ఆ పట్టీ గీసింది నేను. ముందు ఆ సంగతి తేల్చేద్దాం. ఎందుకంటే ఆ తర్వాత బొలీవియాలోని మా కొచబాంబాలో నన్నెరిగినవాళ్ళలో సగం మంది అది వేరేవాళ్ళ పని అన్నారు, మిగతా సగం మంది నేనే దాన్ని అమ్ముకున్నానన్నారు. రెండోదానికే నాకు ఎక్కువ ఒళ్ళు మండింది.

మాది చిన్న ఆఫీసు. పళ్ళ డాక్టరు క్లినిక్ పైన రెండు గదులు. యజమాని గ్రోవర్, అందరం ఇంజినీరు గారూ అంటాం. కోడు రాసేది ఎవెర్, లెక్కలూ ఫోన్లూ చూసేది యొవానా, స్క్రీన్లు గీసేది నేను, నా పేరు జుల్మా. ఆ ఏడాది మా ఆశంతా ట్రుఫీ డ్రైవర్ల సంఘం మీదే. ఊరంతా రూటు పట్టుకుని తిరిగే ఆ షేర్ వ్యానులకి యాప్ కావాలన్నారు. ఎవరి నమూనా నచ్చితే వాళ్ళకే పని. మేం చూపిస్తున్నది ఇంకా అసలు యాప్ కాదు, ప్రోటోటైప్. నొక్కితే స్క్రీన్లు మారతాయి, లోపల మాత్రం ఏమీ ఉండదు.

మొదటిసారి చూపించినప్పుడు సంఘం కార్యదర్శి ఇలారియోన్ గారు ఫోన్ అటూ ఇటూ తిప్పి, మిగతావన్నీ ఎక్కడున్నాయని అడిగాడు. పైన మూలన మూడు గీతలున్నాయి, అవి నొక్కాలన్నాను. ఆయన లావుపాటి బొటనవేలు అక్కడిదాకా వెళ్ళనేలేదు. "ఇదేంటమ్మాయ్, దువ్వెనా?" అన్నాడు. బెంచీల మీద డ్రైవర్లు పగలబడి నవ్వారు. బయటికొచ్చాక గ్రోవర్ ఆ దువ్వెన తీసిపారేసి, అందరి ఫోన్లలోనూ ఉండేలా తెర అడుగున ఒక నావిగేషన్ బార్ పెట్టమన్నాడు. మా ఆఫీసులో దాన్ని కింది పట్టీ అనేవాళ్ళం.

కూర్చుని గీశాను. దాన్ని కాంపొనెంట్‌గా చేశాను. అంటే అసలు పట్టీ ఒక్కటే ఉంటుంది, ప్రతి స్క్రీన్ కిందా కనిపించేది దాని నకలు. అసలుదానికి రంగు మారిస్తే అన్ని స్క్రీన్లలోనూ ఆ క్షణమే మారిపోతుంది. అందులో నాలుగు బొమ్మలు పెట్టాను: ట్రుఫీ ఆపడానికి చాచిన చెయ్యి, దారి, దిగాల్సిన వీధి మూల, చివర మనిషి. ఆ చెయ్యి మా అమ్మది. అమ్మని వాకిట్లో నిలబెట్టి, వ్యాను ఆపుతున్నట్టు చెయ్యి చాపమని ఫోటో తీసి, దాని మీద గీత గీశాను. ఎప్పుడో తలుపు సందులో పడి నలిగిన చిటికెన వేలు కొస వంకరగా ఉంటుంది. ఆ వంకర కూడా అలాగే ఉంచాను, చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేదని.

పట్టీ ఇంకా సంఘానికి చూపించనేలేదు. ఒక సోమవారం పొద్దున్నే గ్రోవర్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆ తలుపు వెయ్యడం నేను అంతకుముందు చూడలేదు. ఇలారియోన్ గారు పంపిన ఫోటో ఒకటి నా ముందు పెట్టాడు. చౌరస్తాకి అవతల రెంబెర్తో అనే ఆయన ఆఫీసుంది. పెళ్ళి శుభలేఖలూ వెబ్‌సైట్లూ చేసుకునేవాళ్ళు, ఈ పనికి వాళ్ళూ పోటీకి దిగారని ఈమధ్యే విన్నాం. ఆ ఫోటో వాళ్ళ ప్రోటోటైప్‌ది. మాది ఆకుపచ్చ, వాళ్ళది నీలం. మిగతాదంతా అదే. అదే నాలుగు బొమ్మలు, అదే వరస. కొసన వంకర తిరిగిన అదే చిటికెన వేలు.

మా అమ్మ చెయ్యి పరాయివాళ్ళ ఫోన్లో ఏం చేస్తోంది?

గ్రోవర్ నన్ను కాసేపు చూసి, "మీ తమ్ముడు అక్కడే కదా పనిచేస్తున్నాడు?" అన్నాడు.

ఎక్కడ చేస్తున్నాడో ఆయనకి తెలియనట్టు! మా లింబెర్త్‌కి ఆ ఉద్యోగం చెప్పి పెట్టించిందే ఆయన. రెంబెర్తో ఆయన పెద్దకూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి, అందుకని ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కొంపాద్రే అని పిలుచుకుంటారు. మా ఊళ్ళో ఆ పిలుపు రక్తసంబంధం కన్నా ఒక మెట్టు పైనే. అమ్మ నా ద్వారా అడిగించింది, గ్రోవర్ కొంపాద్రేతో ఒక మాట అన్నాడు, తమ్ముడు ఆ మర్నాడే చేరిపోయాడు. ఇప్పుడు ఆ మేలే నా మెడకి చుట్టుకుంది.

నేను ఎవరికీ ఏమీ ఇవ్వలేదన్నాను. మా తమ్ముడికి నా పని గురించి ఏమీ తెలియదన్నాను. గ్రోవర్ గొంతు పెంచలేదు. గురువారం పదింటికి సంఘం వాళ్ళు రెండు ఆఫీసులనీ ఒకేసారి రమ్మన్నారనీ, ముందు చూపించింది వాళ్ళు కాబట్టి ఇప్పుడు దొంగలం మనమే అయ్యామనీ చెప్పాడు. "నీ మీద నాకు అనుమానం లేదు జుల్మా. కానీ అప్పటికి ఇది ఎక్కడినుంచి పోయిందో తేలకపోతే నిన్ను ఉంచుకోలేను. నన్ను అర్థం చేసుకో" అన్నాడు. అనుమానం లేదట, అర్థం చేసుకోవాలట. చెంపదెబ్బ కొడితే నయం.

ఆ గది తలుపు తెరిచేసరికే ఆఫీసంతా తెలిసిపోయింది. యొవానా తన స్క్రీను గోడవైపు తిప్పుకుంది. నేను వెనకనుంచి వెళ్తే ఎవెర్ టైపు చెయ్యడం ఆపేశాడు. పదిన్నరకి అందరం కిందికి దిగి సల్తేన్యాలు, లోపల మాంసం పులుసుండే కజ్జికాయల్లాంటివి, తింటాం, రోజూ ఎవరో ఒకరు నా బల్ల మీద తట్టి పిలుస్తారు. ఆరోజు ఎవరూ తట్టలేదు. వాళ్ళు మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ అక్కడే కూర్చున్నాను, ఏడుపూ కోపమూ కలిసి వస్తుంటే.

అప్పుడు కనిపించింది అది. మేం గీసే ప్రోగ్రాములో, ఎవరు ఫైలు తెరిచినా పైన అంచున ఒక చిన్న గుండ్రం కనిపిస్తుంది. నాది పసుపు, అందులో నా పేరు మొదటి అక్షరం. పసుపుదాని పక్కన ఇంకొకటుంది, బూడిదరంగులో, పేరు లేకుండా. ఎవరో చూస్తున్నారు. ఇప్పుడు, ఈ నిమిషంలో, నా పట్టీని చూస్తున్నారు.

లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. కింద బండి దగ్గర గ్రోవర్, ఎవెర్, యొవానా ముగ్గురూ వరసగా నిలబడి, మెడ ముందుకి చాచి, రెండు చేతులతో పట్టుకుని తింటున్నారు. సల్తేన్యా అలాగే తినాలి. ఒక్క చెయ్యి వదిలితే లోపలి రసం మోచేతి దాకా కారుతుంది, కారినవాళ్ళే ఆ పూట అందరికీ పెట్టించాలి. ఆ ముగ్గురిలో ఎవరూ ఫోను ముట్టుకునే స్థితిలో లేరు. వెనక్కి తిరిగి చూస్తే బూడిద గుండ్రం అలాగే ఉంది. అంటే మా ఆఫీసు మనిషి కాదు. ఆ మాటకి ఊపిరి పీల్చుకోబోయి ఆగిపోయాను. ఆఫీసు మనిషి కాకపోతే మిగిలేది ఎవరు?

మధ్యాహ్నం భోజనానికి మా ఊళ్ళో అందరూ ఇంటికే పోతారు. నేను లాప్‌టాప్ సంచీ తగిలించుకుని వెళ్తాను, అది కుర్చీలో పడేసి చేతులు కడుక్కుంటాను, అమ్మకి వంటింట్లో సాయం చేస్తాను. ఆ కాసేపూ బల్ల దగ్గర ఎవరుంటారు? లింబెర్త్ ఉంటాడు. ఇన్నాళ్ళూ అది ఒక సంగతిగా కూడా తోచలేదు నాకు. ఆరోజు ట్రుఫీలో కూర్చుని, వాడు నా సంచీ పక్కన కూర్చున్న పూటలన్నీ గుర్తు చేసుకున్నాను. గుర్తు చేసుకున్నకొద్దీ ప్రతి పూటా వాడు ఏదో దాస్తున్నట్టే అనిపించింది. అనుమానం అంత పాడు జబ్బు.

అమ్మ వేరుశనగ సూపు వడ్డిస్తుంటే అడిగేశాను, వాయిదా వేస్తే అడగలేనని. "లింబెర్త్, నా లాప్‌టాప్ ముట్టుకున్నావా?"

వాడు సూపులో చెంచా తిప్పుతున్నాడు. "లేదు."

"నిజం చెప్పు."

"అమ్మ మీద ఒట్టక్కా. నీ లాప్‌టాప్ నేను ముట్టుకోలేదు."

అమ్మ గిన్నె ఠక్కున బల్ల మీద పెట్టింది. సొంత తమ్ముణ్ణి దొంగని అడిగినట్టు అడుగుతావా అని మొదలుపెట్టి, మా నాన్న పోయిన దగ్గర్నుంచి వాడు ఎన్ని ఓర్చుకున్నాడో, నేను చిన్నప్పుడు వాడి బొంగరం ఎలా విరగ్గొట్టానో దాకా తీసుకెళ్ళింది. నేను తల వంచుకుని తిన్నాను. వాడు సగం తిని లేచిపోయాడు. మర్నాడు ఆఫీసులో పని ఉందని భోజనానికే రాలేదు. ఖాళీ కుర్చీ వైపు చూసి అమ్మ, "హాయిగా తిను. ఇప్పుడు నీ సంచీ దగ్గర ఎవరూ లేరు" అంది. మా అమ్మ దెప్పడం మొదలుపెడితే పుల్ల విరిచినట్టు ఉంటుంది.

కానీ వాడి మాట నమ్మాను. నమ్మకపోతే ఆ ఇంట్లో ఎలా ఉండాలి? మంగళవారం గ్రోవర్ మళ్ళీ పిలిచి ఏమైనా తెలిసిందా అని అడిగినప్పుడు, "మా తమ్ముడు కాదు. వాడేనని తేలితే మీరు తియ్యక్కర్లేదు, నేనే మానేస్తాను" అన్నాను. ఆయన మంచిది అన్నట్టు తలూపాడు. ఆ తలూపడం చూసి నాకు కొత్త అనుమానం పట్టుకుంది. ఈయన ఎందుకింత తొందరగా మా ఇంటి వైపు వేలు చూపిస్తున్నాడు? కొంపాద్రేలిద్దరూ కలిసి ఏదైనా నాటకం ఆడుతున్నారా? ఎవరికి పని వచ్చినా ఇద్దరూ పంచుకుందామని, మధ్యలో నన్ను కూరలో కరివేపాకులా తీసిపారేద్దామనా?

మంగళవారం రాత్రి లాప్‌టాప్ ఆఫీసులోనే వదిలి వెళ్ళాను. బుధవారం అది నా కళ్ళ ముందే, నా చేతుల కిందే ఉంది. పదిన్నరకి బూడిద గుండ్రం ఠంచనుగా వచ్చింది. అది చూశాక గానీ నా మట్టి బుర్రకి వెలగలేదు. దీన్ని చూడ్డానికి నా లాప్‌టాప్ ఎందుకు? లింక్ ఉంటే చాలు. ఫైలు ఎవరెవరికి తెరిచి ఉందో చూపించే చోటికి వెళ్ళాను. లింక్ ఉన్నవాళ్ళు ఎవరైనా చూడొచ్చు అని ఉంది. ఆ తలుపు తీసిందెవరో కూడా ఉంది: గ్రోవర్, కార్నివాల్ వారంలో.

నేరుగా వెళ్ళి ఆయన గది తలుపు ఈసారి నేను వేశాను. ఆ లింక్ ఎవరికి పంపారని అడిగాను. ముందు ఏ లింక్ అన్నాడు. తర్వాత నుదురు రుద్దుకున్నాడు. సంగతి మెల్లగా బయటికొచ్చింది.

పని మాకు వస్తే యాప్‌కి పెద్ద ఎత్తున చాయా, అంటే ప్రారంభ పూజ, చెయ్యాలని ఆయన కోరిక. కంప్యూటర్లకి రంగు కాగితాల తోరణాలు చుట్టి, నేలతల్లికి బీరు ఒలకబోసి, బాజాతో. కొత్త ఇల్లయినా కొత్త వ్యానైనా అలాగే చేస్తాం కదా. దానికి ఒక్కో ఖర్చు భరించే జ్ఞానతండ్రులు కావాలి. కేకుకో జ్ఞానతండ్రి, బీరుకో జ్ఞానతండ్రి, తోరణాలకో జ్ఞానతల్లి, బాజాకో జ్ఞానతండ్రి. కార్నివాల్లో అందరూ సంతోషంగా ఉంటారని అప్పుడే వాళ్ళందర్నీ అడిగేశాడు. బాజా ఖర్చు పెద్దది, దానికి రెంబెర్తో ఒప్పుకున్నాడు. "బిడ్డని చూపించకుండా జ్ఞానతండ్రిని ఎలా పిలుస్తాం జుల్మా? మర్యాద కాదు కదా. అందుకని పంపాను. కానీ అప్పటికి ఆ పట్టీయే లేదు! అప్పుడున్నది ఆ దువ్వెన."

ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. కోడు మనిషి. కోడు ఎవరికైనా పంపితే ఆరోజుది ఆరోజే, అక్కడితో సరి. బిడ్డ ఫోటో పంపాననుకున్నాడు. పంపింది ఊయల పక్కన కిటికీ. నేను ఏ పూట ఏం మార్చినా రెంబెర్తో సల్తేన్యా తింటూ చూసుకుంటున్నాడు. కాదు, తింటూ చూడలేడు, తిన్నాక చూసుకుంటున్నాడు.

ఆ సంగతి వివరించి చెప్పాక గ్రోవర్ ముఖంలో రక్తం లేదు. నాకు క్షమాపణ చెబుతాడేమో అని నిలబడ్డాను. ఆయన కిటికీలోంచి చౌరస్తా వైపు చూస్తూ, కొంపాద్రే అలాంటివాడు కాదన్నాడు. తర్వాత, అయినా సంఘం ముందు కొంపాద్రేని దొంగ అని ఎలా అంటామన్నాడు. తన కూతురి తల మీద చెయ్యి పెట్టినవాడట. ఆ తర్వాత చాలా మెత్తగా అన్నాడు: "మీ తమ్ముడు ఎలాగూ వాళ్ళ మనిషే కదా. కుర్రాడు తెలియక అక్క పని చూసి గీశాడని చెబితే ఎవరికీ నొప్పి ఉండదు. ఇలారియోన్ నవ్వి ఊరుకుంటాడు. నీ ఉద్యోగం నీకుంటుంది, నేను మాటిస్తున్నాను."

నా నోటికి చాలా మాటలొచ్చాయి, అవన్నీ ఇక్కడ రాయను. ఆఖర్న అన్నది ఇది: మా తమ్ముడు తప్పు చెయ్యలేదు, వాడి పేరు మీరెత్తితే నేను లేచి మీ పేరు ఎత్తుతాను. ఆయన సరేననలేదు, వద్దనలేదు. రేపు ఈయన నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకు తెలియదు.

గురువారం సంఘం హాలు కిటకిటలాడింది. కింద గరాజు, పైన హాలు, గోడకి ఉర్కుపీన్యా మాత పటం, డీజిలు వాసన. ఇలారియోన్ గారు పటం కింద కూర్చున్నాడు. ఎడమవైపు మేం. కుడివైపు రెంబెర్తో, ఇస్త్రీ చొక్కా, ముఖం నిండా నవ్వు. ఆయన వెనక గోడకి ఆనుకుని లాప్‌టాప్ పట్టుకుని మా లింబెర్త్. నా వైపు చూడలేదు.

రెండు ప్రోటోటైపులూ గోడ మీద పక్కపక్కనే వేసి చూపించారు. రెండు చేతులు, రెండు వంకర వేళ్ళు. డ్రైవర్లు గుసగుసలాడారు. ఇలారియోన్ గారు ఎవరిది ఎవరు ఎత్తుకొచ్చారో తిన్నగా చెప్పమన్నాడు. రెంబెర్తో ముందు లేచాడు. రెండు ఆఫీసులూ ఒకే ఊరి జనానికి చేస్తున్నాయి కాబట్టి ఒకే ఆలోచన రావడం వింత కాదన్నాడు. తనకి కొంపాద్రే మీద ఏ ఫిర్యాదూ లేదన్నాడు. కూర్చోబోతూ నా వైపు తిరిగి, "ఇళ్ళల్లో అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటారు. పిల్లలు. వాటిని మనం పట్టించుకోకూడదు" అన్నాడు.

గ్రోవర్ బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

నేను లేచాను. "రెంబెర్తో గారూ, మా యాప్‌కి మీరు బాజా జ్ఞానతండ్రి కదా?"

ఆయన ఛాతీ మీద చెయ్యేసుకుని, ఆ గౌరవం కొంపాద్రే ఇచ్చిందన్నాడు. మరి కార్నివాల్‌కి ఇంజినీరు గారు బిడ్డని చూడమని ఏదో పంపారట, అదొకసారి తెరుస్తారా అని అడిగాను. ఆయన నవ్వు ఒక్క క్షణం ఆగింది. ఎప్పుడో వచ్చింది, ఎప్పుడో తీసేశానన్నాడు.

"జ్ఞానతండ్రివయ్యుండి బిడ్డని తీసేశావా?" అన్నాడు ఇలారియోన్ గారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు గ్రోవర్, తల ఎత్తకుండానే, అన్నాడు. "ఉంటుంది కొంపాద్రే. నువ్వు ఏదీ తీసెయ్యవు. ఫోనివ్వు."

ఇలారియోన్ గారు ముందే చెయ్యి చాచి ఉన్నాడు. అంతమంది డ్రైవర్ల ముందు ఆ చేతిని కాదనడం ఎవరి తరమూ కాదు. రెంబెర్తో ఫోనిచ్చాడు. గ్రోవర్ ఆ మెసేజ్ వెతికి పెట్టాడు: రంగు కాగితాల బొమ్మలు, కింద 'నీ కొత్త బిడ్డని దీవించు' అని, కింద లింక్. నొక్కితే మా ప్రోటోటైప్ తెరుచుకుంది, ఆకుపచ్చ పట్టీతో సహా.

"ఇప్పుడు ఆ చేతినే చూస్తూ ఉండండి. దేన్నీ నొక్కకండి" అన్నాను. నా లాప్‌టాప్‌లో అసలు పట్టీ తీసి, చేతికి ఎర్ర రంగు పూశాను.

"అరె" అన్నాడు ఇలారియోన్ గారు. "ఎర్రబడింది."

పక్కన కూర్చున్నవాడు వంగి చూశాడు. మళ్ళీ చెయ్యమన్నాడు. పసుపు చేశాను. ఊదా చేశాను. ఫోను బెంచీ నుంచి బెంచీకి పోయింది, ఒక్కొక్కడూ ఒక్కో రంగు అడిగాడు, ఒకడు తన వ్యాను రంగు కావాలన్నాడు. రోజూ ఇలాగే చూశారు మా పని అని నేను చెప్పనక్కర్లేకపోయింది. గ్రోవర్ లేచి నిలబడి, ఆ లింక్ పంపింది తనేననీ, అందులో ఈ అమ్మాయి తప్పు గానీ వాళ్ళ తమ్ముడి తప్పు గానీ లేదనీ అందరికీ వినపడేలా చెప్పాడు. అది చెప్పడానికి ఆయనకి ఎంత కష్టమైందో చూశాను. అయినా నా కోపం పోలేదు.

ఇలారియోన్ గారు ఫోను తిరిగి రెంబెర్తో చేతిలో పెట్టాడు. తిట్టలేదు. "పని వీళ్ళది. నువ్వు మాత్రం బాజా తీసుకురావడం మర్చిపోకు" అన్నాడంతే. ఆ హాలు అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

మెట్లు దిగేసరికి పన్నెండు దాటింది. గ్రోవర్ ఏదో చెప్పాలని దగ్గరికొచ్చాడు, రేపు మాట్లాడదామన్నాను. నాకు అప్పుడు కావాల్సింది మా తమ్ముడు. వాడు వీధి మూలలో నిలబడి ఉన్నాడు. వెళ్ళి భుజం మీద చెయ్యేశాను. నిన్ను అలా అడగాల్సింది కాదురా అన్నాను. అమ్మ నీ కోసం రోజూ కంచం పెడుతోంది, పద అన్నాను. నాలుగు రోజులుగా గుండెల మీద కూర్చున్న రాయి దిగిపోయినట్టుంది, ఏదేదో వాగుతున్నాను.

వాడు కదల్లేదు. "అక్కా, ఆ ఫోను ఈ యాప్ పని మొదలెట్టిన రోజే నా చేతికిచ్చాడు."

"ఏ ఫోను?"

"రెంబెర్తో గారిదే. కొంపాద్రే పంపాడు చూడు, ఇలాంటి పట్టీ కావాలి అన్నాడు. గీసింది నేనే."

అది నాదని తెలియదా అని అడిగాను. తెలుసన్నాడు. ఇంజినీరు గారు పంపిన మెసేజ్ అని కూడా తెలుసా? తెలుసు. సోమవారం అమ్మ ముందు నేనడిగినప్పటికే తెలుసా?

"నువ్వు లాప్‌టాప్ ముట్టుకున్నావా అని అడిగావు" అన్నాడు. తెలివి చూపించడానికి అనలేదు, వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. "నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదక్కా. చెబితే నన్ను తీసేస్తారు."

"చెప్పకపోతే నన్ను తీసేస్తారని తెలుసు కదరా."

వాడు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "నీకు ఇంకోటి దొరుకుతుందిలే అనుకున్నా" అన్నాడు.

ట్రుఫీ వచ్చింది. ఎక్కాం. ముందు సీట్లో నేను, వెనక వాడు. దారి పొడుగునా వాడి ఊపిరి నా మెడ వెనక వినిపిస్తూనే ఉంది. అరవాలనుకున్నాను, అరవడానికి ఏమీ మిగల్లేదు. హాల్లో అంతమంది ముందు వాడి పేరుకి మచ్చ లేకుండా చేసి వచ్చాను. వాడు గోడకి ఆనుకుని విన్నాడు.

ఇంట్లో అమ్మ మూడు కంచాలు పెట్టింది. ఇద్దరం కలిసి రావడం చూసి ముఖం విప్పారింది. కూర్చోకముందే నన్ను అడిగింది, తేలిందా, మనవాడు కాదు కదా అని.

"కాదమ్మా. దొంగ వేరే ఆయన" అన్నాను.

అడిగినదానికే జవాబు చెప్పాను. అందులో అబద్ధం లేదు. లింబెర్త్ తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ వంచుకున్నాడు. నేను చెప్పానా, అనవసరంగా పిల్లాణ్ణి ఏడిపించావు అంటూ అమ్మ వాడి కంచంలో పెద్ద మాంసం ముక్క వేసింది. వాడు తిన్నాడు. నేనూ తిన్నాను. తర్వాత నా గదిలోకి వెళ్ళి తలుపు గడియ వేసుకున్నాను. ఆ గడియ ఎప్పుడూ వాడక తుప్పు పట్టి ఉంది, రెండు చేతులతో తొయ్యాల్సి వచ్చింది.